చించిన పీఠిక: ఒక చలనచిత్రంలో కవిత్వబోధ

సాహిత్యం బోధించే ఉపాధ్యాయుని కథానాయకునిగా గ్రహించిన చలనచిత్రాలు లోకంలో ఎక్కువ లేవు. ఉన్నవానిలోను కవిత్వమే కథకు ఆయువుపట్టుగా నిలిచినవి మరీ అరుదు. 1989లో వెలువడిన ‘డెడ్ పొయెట్స్ సొసైటీ’ అనే అమెరికన్ చిత్రం అట్టి అరుదైనవానిలో ఒకటి. ‘మృతకవుల సమాజం’ అని దీనిని మనం తెలుగు చేసుకోవచ్చు. ఆస్ట్రేలియా దేశీయుడైన పీటర్ వియర్ దర్శకుడు. టామ్ షుల్మన్ రచయిత. మౌలిక చిత్రరచనకు ఇచ్చే ఆస్కార్ బహుమానాన్ని మరుసటి సంవత్సరం షుల్మన్ అందుకున్నాడు. జాన్ కీటింగ్ అనే ఆంగ్లోపాధ్యాయుని పాత్రను రాబిన్ విలియమ్స్ ధరించాడు. ఆ నటుడు 2014లో కీర్తిశేషుడైనా, బల్ల మీదికి ఎక్కి నిలుచున్న ఆ ఉపాధ్యాయుని రూపం మాత్రం ప్రేక్షకుల మనస్సులనుండి తొలగిపోలేదు.

ఈ చిత్రాన్ని గూర్చి రెండు విధాలైన అభిప్రాయాలు వినిపిస్తూ ఉంటవి. బిగదీసిన నియమాల నడుమ ఊపిరాడని బాలురకు కవిత్వం ప్రాణవాయువును ఇచ్చిన కథ ఇది అని మెచ్చుకొనేవారు ఒక పక్షం. సాహిత్యాధ్యయనమంటే ఆవేశపడటమే అన్న భ్రమను వ్యాపింపజేసి, విమర్శశాస్త్రానికి అపకారం చేసిన చిత్రమని ఆక్షేపించేవారు మరొక పక్షం. రెండింటిలోను కొంత సత్యం లేకపోలేదు. కాని రచనను వ్రతంగా పెట్టుకొన్న మనబోటివారు వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉన్నదని నా అభిప్రాయం. కీటింగ్ ఆ బాలురను పాఠశాల చేతినుండి విడిపించాడు, సరే. విడిపించి ఎవరికి అప్పగించాడు? కవిత్వానికా, తనకా? చిత్రంలోని గుణం, దోషం రెండూ ఈ ప్రశ్నకు సమాధానంలోనే ఇమిడి ఉన్నవి.

కథ అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, 1959లో జరుగుతుంది. వెల్టన్ అకాడెమీ అనేది సంపన్నుల కుమారులు చదువుకొనే వసతి పాఠశాల; దానికి అది నూరవ సంవత్సరం. సంప్రదాయం, గౌరవం, క్రమశిక్షణ, శ్రేష్ఠత అనే నాలుగు స్తంభాలపై తమ సంస్థ నిలిచి ఉన్నదని ప్రధానోపాధ్యాయుడు నోలన్ సభలో చెపుతాడు. ఒక వృద్ధుడు జ్ఞానజ్యోతిని వెలిగించి ఇస్తే, ఆ దీపం ఒక చిన్న బాలుని కొవ్వొత్తినుండి మరొకని కొవ్వొత్తికి అంటుకుంటూ పోతుంది. చూడటానికి రమ్యమైన దృశ్యమే. ఐతే ప్రతి కొవ్వొత్తీ ఒకే ఎత్తున, ఒకే విధంగా వెలగాలన్న శాసనం దానిలో దాగి ఉన్నది. విద్యార్థులు గదిలో చేరి ఆ నాలుగు పేర్లనూ వంకరగా మార్చి పరిహాసం చేసుకుంటారు. అంతకుమించి ఎదిరించగల భాష వారికి ఇంకా లేదు.

అట్టి చోటికి కీటింగ్ వస్తాడు. అతడు అక్కడి పూర్వవిద్యార్థియే. మొదటిరోజున ఈలవేస్తూ తరగతినుండి బయటికి నడచి, బాలురను పాత ఛాయాచిత్రాలున్న అద్దాల బీరువా ముందు నిలబెడతాడు. ఒకప్పుడు తమవలెనే ఆశలతో నిండి, ఇప్పుడు మట్టిలో కలసిపోయిన ఆ పూర్వులు ఏమి చెపుతున్నారో చెవియొగ్గి వినండి అంటాడు. లాటిన్ కవి హొరేస్ చేసిన ఉపదేశాన్ని తన మాటగా వారి చెవిలో ఊదుతాడు. ఆ కవి వాడిన క్రియాపదం పండును కోయటానికీ పువ్వును త్రుంచటానికీ చెందినది. నేటి దినాన్ని పండిన ఫలంగా భావించి కోసుకొమ్మని దాని తాత్పర్యం. ఇంగ్లీషులో అది దినాన్ని బలంగా చేజిక్కించుకొమ్మన్న అర్థంలో స్థిరపడిపోయింది. తోటలో కోత కోసేవాని మెలకువకూ, వస్తువును లాక్కొనేవాని తొందరకూ భేదం ఉన్నది. అనువాదంలో మారిపోయిన ఈ చిన్న అర్థచ్ఛాయ చిత్రమంతటా వ్యాపించి ఉన్నదని ముందుముందు తెలుస్తుంది.

చిత్రానికి ప్రసిద్ధి తెచ్చిన ఘట్టం పాఠ్యగ్రంథ పీఠికను చించివేయటం. జె. ఎవాన్స్ ప్రిచర్డ్ అనే కల్పిత పండితుడు వ్రాసినట్లు చెప్పిన ఆ పీఠికలో కవిత్వాన్ని కొలిచే విధానం ఒకటి ఉన్నది. పద్యం ఎంత నేర్పుగా నిర్మింపబడినదో అడ్డగీత మీద గుర్తించాలి. దాని వస్తువు ఎంత ముఖ్యమైనదో నిలువుగీత మీద గుర్తించాలి. రెండింటిని గుణిస్తే వచ్చే వైశాల్యమే ఆ పద్యం గొప్పతనం. ఈ లెక్కలో బైరన్ పద్యం ఒకదానికి నిలువున ఎక్కువ, అడ్డాన మధ్యరకం మార్కులు వస్తవట. షేక్స్పియర్ పద్యానికి రెండు వైపులా ఎక్కువేనట. కీటింగ్ ఈ గీతలను నల్లబల్ల మీద శ్రద్ధగా గీసి చూపి, వెంటనే దానిని నిరాకరించి, ఆ పుటలను చించివేయమంటాడు. బాలురు మొదట నమ్మలేరు. ఒకడు చించగానే తక్కినవారు చేతులు కలుపుతారు. లాటిన్ బోధించే మెకాలిస్టర్ తలుపుసందున చూచి నివ్వెరపోతాడు.

ఆ పీఠిక కేవలం హాస్యం కోసం పుట్టినది కాదు. కవిత్వాన్ని తరగతిగదిలో పద్ధతి ప్రకారం బోధించాలన్న ఉద్యమం అమెరికాలో బలపడిన కాలమది. క్లియాంత్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ అనే విమర్శకులు 1938లో ప్రచురించిన ‘అండర్‌స్టాండింగ్ పొయెట్రీ’ అన్న పేరునే చిత్రంలోని పీఠికకూ పెట్టారు. లారెన్స్ పెర్రీన్ రచించిన ‘సౌండ్ అండ్ సెన్స్’ 1956లో వచ్చి ఎన్నో కళాశాలలలో పాఠ్యమైంది. ఆ గ్రంథాలను ప్రిచర్డ్ గీతలతో సమానం చేయటం న్యాయం కాదు. బ్రూక్స్, వారెన్ ద్వయం పద్యాన్ని పద్యంగా, మొదటినుండి చివరివరకు నిలిచి చదవటం నేర్పారు. చిత్రం వారి గ్రంథనామాన్ని తీసుకొని, వారిలోని సారాన్ని విడిచిపెట్టి, చించటానికి అనువైన బొమ్మను ఒకదానిని తయారుచేసుకున్నది.

కవిత్వానికి తరతమాలు నిర్ణయించటం మనకు కొత్త కాదు. 11వ శతాబ్దానికి చెందిన మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో కావ్యాన్ని ఉత్తమం, మధ్యమం, అధమం అని మూడు తరగతులుగా విభజించాడు. కాని అతని విభజనకు ఆధారం ధ్వని. ధ్వనిని గుర్తించటానికి సహృదయుడు కావాలి. ప్రిచర్డ్ గీతలకు సహృదయునితో పనిలేదు. కొలబద్ద ఉంటే చాలును. కీటింగ్ కోపం న్యాయమైనది ఇందుకే. కాని కొలబద్దను విరిచినంతమాత్రాన సహృదయత దానంతట అది రాదు. పుటలు చించిన తరువాత అతడు ఏ పద్యాన్ని తెరచాడు, దానిలో ఎంతసేపు నిలిచాడు అని మనం అడగాలి. చిత్రంలో తరగతిగది దృశ్యాలు అనేకం ఉన్నా, ఒక్క పద్యాన్ని కూడా కీటింగ్ మొదలునుండి తుదివరకు విద్యార్థులతో కలిసి చదివినట్లు కానరాదు. పద్యపాదాలు కాగితపు ముక్కల మీద వచ్చి, ఒక్కొక్క బాలుని చేత పడి, బంతిని తన్నేముందు బిగ్గరగా అరవటానికి ఉపయోగపడతవి.

మమ్మటుని ప్రస్తావన వచ్చింది గనుక అతని మరొక ప్రసిద్ధ విభాగాన్ని కూడా ఇక్కడ స్మరించుకోవాలి. ఉపదేశం మూడు విధాలని మన ఆలంకారికులు చెప్పారు. వేదం ప్రభువువలె శాసిస్తుంది. దానికి మారుమాట లేదు. ఇతిహాసపురాణాలు మిత్రునివలె హితం చెపుతవి. కావ్యం కాంతవలె మనస్సును లోగొని, చెప్పినట్లు తెలియకుండానే చెపుతుంది. ఈ మూడింటిని ఈ చిత్రానికి అన్వయించి చూస్తే దాని నిర్మాణం స్పష్టమౌతుంది. వెల్టన్ పాఠశాల, నోలన్, బాలుర తండ్రులు అందరూ ప్రభుసమ్మితంగా మాట్లాడేవారే. కీటింగ్ మిత్రసమ్మితంగా మాట్లాడతాడు. అతని స్నేహం నిజమైనది, అతని హితం శ్రేష్ఠమైనది. కాని మిత్రుని కంఠం బిగ్గరగా ఉన్నంతసేపు కాంత కంఠం వినిపించదు. కవిత్వం తనంతట తాను మాట్లాడటానికి కావలసిన మౌనాన్ని కీటింగ్ చాలచోట్ల ఇవ్వలేకపోయాడు.

దీనికి చక్కని నిదర్శనం ముంగిట నడిచే ఘట్టం. ముగ్గురు విద్యార్థులను నడవమంటే, వారు కొద్దిసేపటిలోనే తెలియకుండా ఒకే అడుగు వేయసాగుతారు. చూచేవారు చప్పట్లతో తాళం వేస్తారు. గుంపు లయలో మనిషి తన నడకను ఎట్లా పోగొట్టుకుంటాడో ఇంతకంటె బాగా చూపటం కష్టం. కాని కీటింగ్ దానికి ఉపష్టంభకంగా రాబర్ట్ ఫ్రాస్ట్ పద్యం చివరి భాగాన్ని తీసుకుంటాడు. 1916లో ‘మౌంటెన్ ఇంటర్వెల్’ సంపుటిలో చేరిన ‘ది రోడ్ నాట్ టేకెన్’ అది. అందరూ నడవని దారిని ఎన్నుకొన్న వీరుని విజయగీతంగా అతడు దానిని వాడాడు. పద్యాన్ని పూర్తిగా చదివినవారికి తెలుసును: రెండు దారులూ ఇంచుమించు సమానంగా అరిగినవే అని పథికుడే ఒప్పుకుంటాడు. కాలాంతరంలో నిట్టూర్పుతో తాను ఈ కథను మరొక విధంగా చెప్పుకుంటానని ముందే గ్రహిస్తాడు. మనిషి తన ఎన్నికకు తరువాత కల్పించుకొనే గొప్పతనాన్ని గూర్చిన సున్నితమైన పరిహాసం ఆ పద్యంలో ఉన్నది. ఏ దారిన పోయినా రెండవదానికై విచారించే తన మిత్రుడు ఎడ్వర్డ్ థామస్‌ను తలచుకొని ఫ్రాస్ట్ దానిని వ్రాశాడు. గుంపును అనుసరించవద్దని చెప్పటానికి, ఆ పద్యానికి గుంపు ఇచ్చిన అర్థాన్నే కీటింగ్ అనుసరించాడు.

మరొక సంగతి. 1959 నాటికి ఫ్రాస్ట్ జీవించే ఉన్నాడు; 1963లో గాని మరణించలేదు. వేసవి కాలాన్ని అతడు గడిపే రిప్టన్ గ్రామం ఆ వెర్మాంట్ రాష్ట్రంలోనిదే. మృతకవుల పేరు పెట్టుకొన్న సమాజానికి బ్రతికి ఉన్న మహాకవి అంత దగ్గరలో ఉన్నాడని చిత్రం గుర్తించినట్లు లేదు. అంతకు మూడేళ్లు ముందు, 1956లో, అలెన్ గిన్స్‌బర్గ్ ‘హౌల్’ ప్రచురితమై, మరుసటి సంవత్సరం న్యాయస్థానానికి ఎక్కింది. ఆనాటి అమెరికన్ యువకులను నిజంగా కుదిపిన ఆ గొంతుకలు వెల్టన్ గోడలలోపలికి రావు. కీటింగ్ తెచ్చిన తిరుగుబాటు వంద సంవత్సరాలనాడు ప్రాచీనత పొందిన తిరుగుబాటు. బాలురు గుహలో చేరి చదివేది థోరో, టెన్నిసన్, విట్మన్. వేచెల్ లిండ్సే 1914లో వెలువరించిన ‘ది కాంగో’ను గూడ వారు తప్పెట లయతో చదువుతూ చిందులు వేస్తారు. నల్లజాతివారిని గూర్చి ఆ పద్యంలో ఉన్న హీనభావన వారికి తట్టదు. తెల్లవారి పిల్లలే ఉన్న ఆ బడిలో తట్టే అవకాశమూ లేదు. చిత్రకర్తలకైనా తట్టినట్లు ఒక్క ఆనవాలూ కనబడదు.

బాలురలో చార్లీ డాల్టన్ అనేవాడు ఒక రాత్రి గుహకు ఇద్దరు యువతులను తీసుకొని వస్తాడు. షేక్స్పియర్ సానెట్ ఒకదానిని, బైరన్ గీతం ఒకదానిని తాను వారికోసం అప్పటికప్పుడు అల్లినట్లు వినిపిస్తాడు. ఆ యువతులు నమ్మి మురిసిపోతారు. ప్రేక్షకులు నవ్వుతారు. కాని ఆ నవ్వు వెనుక ఒక చేదు నిజం ఉన్నది. భాష పుట్టినది స్త్రీలను మెప్పించటానికేనని తరగతిలో కీటింగ్ చెప్పిన పరిహాసానికి ఇది ఆచరణ. కావ్యం కాంతవలె ఉపదేశిస్తుందని మనవారు చెప్పగా, ఇక్కడ కావ్యం కాంతను పట్టే వలగా మారింది. శిష్యుడు గురువు మాటను తీసుకున్నాడు, పద్యాన్ని తీసుకోలేదు. పాఠశాల సభలో దేవుడు పిలుస్తున్నాడంటూ టెలిఫోను పరిహాసం చేసి శిక్ష పొందినవాడూ ఈ చార్లీయే. అప్పుడు కీటింగ్ వచ్చి, తెగువకు ఒక సమయం, జాగ్రత్తకు ఒక సమయం ఉంటవని మందలిస్తాడు. ఆ మందలింపు ఉత్తమమైన పాఠం. కాని పుటలు చించిననాడే రావలసిన పాఠం అది.

ఇంతవరకు చెప్పినవానిని చూచి నేను ఈ చిత్రాన్ని త్రోసిపుచ్చుతున్నానని పాఠకులు తలచరాదు. కవిత్వం తన సొంతగొంతుతో మాట్లాడే ఘట్టాలు ఇందులో రెండు ఉన్నవి. ఆ రెండింటికోసమే దీనిని మళ్లీ మళ్లీ చూడవచ్చు.

మొదటిది టాడ్ ఆండర్సన్ ఘట్టం. టాడ్ నోరు విప్పలేని బాలుడు. అదే పాఠశాలలో ప్రథముడుగా వెలిగిన అన్నగారి నీడ వానిమీద పడి ఉన్నది. పుట్టినరోజుకు తల్లిదండ్రులు పంపిన వ్రాతబల్ల సామగ్రి గత సంవత్సరం పంపినదే మళ్లీ వచ్చింది. వారికి వాడొకడు ఉన్నాడన్న స్పృహ ఆమాత్రం. పద్యం వ్రాసుకొని రమ్మంటే వ్రాయలేదని అబద్ధమాడుతాడు. కీటింగ్ వానిని ముందుకు లాగి, గోడమీది విట్మన్ చిత్రాన్ని చూపి, కళ్లు మూసి, గుండ్రంగా త్రిప్పి, తోచినది చెప్పమంటాడు. మొదట తడబడిన మాటలు క్రమంగా ఒక ఉన్మాది రూపాన్ని కడతవి. సత్యమనేది ఎంత లాగినా పాదాలను కప్పని కంబళివంటిదని, పుట్టిననాటినుండి చచ్చేదాకా ముఖాన్ని మాత్రమే కప్పుతుందని వాని నోట వెలువడుతుంది. తరగతి నిశ్శబ్దమౌతుంది. ఇక్కడ కీటింగ్ చేసినది ఏమిటి? వ్యాఖ్యానించలేదు, ప్రబోధించలేదు, బాలుని భయాన్ని కొంచెం ప్రక్కకు నెట్టి, తాను తప్పుకున్నాడు. చాలని కంబళి టాడ్ బ్రతుకులోనిది, ఎవరివద్దనో ఎరువు తెచ్చుకున్నది కాదు. గురువు గొప్పతనం ఆ తప్పుకోవటంలోనే ఉన్నది.

రెండవది నీల్ పెర్రీ కథ. నీల్ తెలివైనవాడు, అందరికీ ఇష్టుడు. కుమారుడు వైద్యుడు కావాలన్నది తండ్రి నిర్ణయం. పాఠశాల వార్షికసంచిక పని కూడ మానుకొమ్మని మొదటి దృశ్యంలోనే శాసిస్తాడు. నీల్ తండ్రికి తెలియకుండా ‘ఎ మిడ్సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకంలో పక్ పాత్రకు ఎన్నికౌతాడు. అనుమతిపత్రాన్ని తానే సృష్టించుకుంటాడు. సంగతి బయటపడినప్పుడు కీటింగ్ ఇచ్చిన సలహా ఒక్కటే: ఈ ఇష్టం నీకెంత ప్రాణమో తండ్రితో చెప్పు. నీల్ చెప్పలేకపోయి, చెప్పినట్లు గురువుతో అంటాడు. ప్రదర్శన జరుగుతుంది. తండ్రి వచ్చి వెనుక నిలబడతాడు. నాటకాంతంలో పక్ ప్రేక్షకులను మన్నింపు కోరే ప్రసంగాన్ని నీల్ దాదాపు పూర్తిగా చెపుతాడు. చిత్రంలో ఒక కావ్యఖండం ముక్కలు కాకుండా, తన ఛందస్సుతో, తన సందర్భంలో వినిపించిన చోటు ఇదే అనవచ్చు. షేక్స్పియర్ వ్రాసిన ఆ క్షమాప్రార్థన ఒక కుమారుడు తండ్రితో చెప్పుకోలేని మాటగా మారింది. నీల్ ముఖాముఖి అనలేనిదానిని పద్యం అన్నది. కాంతాసమ్మితమంటే ఇదే. సభ అంతా విన్నది. వినవలసిన ఒక్కడు వినలేదు. వెల్టన్ మాన్పించి సైనిక పాఠశాలకు పంపుతానని తండ్రి నిశ్చయిస్తాడు. ఆ రాత్రియే నీల్ ప్రాణం తీసుకుంటాడు.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించాలి. నటన కూడ క్రమశిక్షణయే. పంక్తులను కంఠస్థం చేయాలి, అభ్యాసాలకు వేళకు వెళ్లాలి, ఇతరుల మాటకు తన మాటను అతకాలి. వెల్టన్ బోధించిన క్రమశిక్షణలో లేని ఆనందాన్ని నీల్ ఈ క్రమశిక్షణలో కనుగొన్నాడు. కనుక చిత్రంలోని లోతైన సంఘర్షణ నియమానికీ స్వేచ్ఛకూ మధ్య లేదు. పైనుండి విధించిన నియమానికీ, ప్రేమతో వరించిన నియమానికీ మధ్య ఉన్నది. చిత్రం ఈ సత్యాన్ని నీల్ ద్వారా చూపగలిగింది గాని కీటింగ్ నోట చెప్పించలేకపోయింది. శ్రీశ్రీ 1950లో గ్రంథరూపం పొందిన ‘మహాప్రస్థానం’లో ఛందస్సుల శృంఖలాలను త్రెంచాడని మనం చెప్పుకుంటాం. కాని అతడు 1928లోనే ‘ప్రభవ’లో పద్యవిద్యను స్వాధీనం చేసుకున్నవాడు. ఏది విడిచిపెడుతున్నదీ ఎరిగి విడిచాడు గనుకనే, కొత్త నడకలో లయ తప్పలేదు.

ఇదే వస్తువును మన దేశంలో రవీంద్రనాథ ఠాకూరు 1912లో ప్రచురించిన ‘అచలాయతన’ నాటకంలో చేపట్టాడు. అదీ ఒక విద్యాలయమే. ఉత్తరపు కిటికీ తెరచి బయటికి చూచినందుకు సుభద్రుడనే బాలుడు మహాపాతకిగా భావింపబడే విద్యాలయం. నియమాలను పరిహసించే పంచకుడు, నియమాలకు ప్రాణమిచ్చే అతని అన్న మహాపంచకుడు అందులో ముఖ్యులు. అందరూ ఎదురుచూచే గురువు చివరకు గోడలను కూల్చివేస్తూ వస్తాడు. ఐనా ఠాకూరు అక్కడ ఆగలేదు. లొంగని మహాపంచకుని నిష్ఠను గురువు గౌరవిస్తాడు; ఆత్మనిగ్రహం నేర్పే పని వానికే మిగిలి ఉన్నదంటాడు. కూలిన పునాది మీదనే మళ్లీ కట్టవలసి ఉన్నదని పంచకునికి చెపుతాడు. ఠాకూరు శాంతినికేతనంలో తానే ఒక విద్యాలయాన్ని నడిపినవాడు. కూల్చిన మరునాడు ఉదయం పిల్లలకు ఏమి చెప్పాలన్న చింత అతనికి తప్పదు. షుల్మన్ రచనలో ఆ మరునాటి ఉదయం లేదు. నోలన్ వద్ద గాని, మెకాలిస్టర్ వద్ద గాని బాలురు నేర్చుకోదగినది ఏమైన ఉన్నదా అన్న ప్రశ్నను చిత్రం మెకాలిస్టర్ ముఖంలో ఒక్క క్షణం మెరిపించి విడిచివేస్తుంది.

ఈ కథ హిందీకి వచ్చినప్పుడు జరిగిన మార్పు ఆలోచింపదగినది. ఆదిత్య చోప్రా 2000లో తీసిన ‘మొహబ్బతేఁ’లో గురుకులానికి పరంపర, ప్రతిష్ఠ, అనుశాసనం అని మూడు స్తంభాలు ఉన్నవి. శ్రేష్ఠత అనే నాలుగవది జారిపోయింది. ఆంగ్లోపాధ్యాయుడు సంగీతోపాధ్యాయుడైనాడు, కవిత్వం స్థానంలో ప్రణయం వచ్చి కూర్చున్నది. తిరుగుబాటుకు కవిత్వం నిజంగా అవసరమా అన్న సందేహం మూలచిత్రంలోనే బీజప్రాయంగా ఉండబట్టి, అనుసరించినవారు దానిని సులభంగా తొలగించగలిగారు. పద్యాలు తీసివేసినా కథ నడిచిందంటే, ఆ పద్యాలు కథలో ఎంత లోతుకు దిగినవో తెలుస్తూనే ఉన్నది.

తెలుగు పాఠకులు ఈ చిత్రాన్ని దూరదేశపు కథగా చూడలేరు. మన రెండు రాష్ట్రాలలోని వసతి కళాశాలలలో తెల్లవారుజామునుండి రాత్రివరకు ప్రవేశపరీక్షలకు తర్ఫీదు పొందే బాలబాలికలకు నీల్ తండ్రి పరిచితుడే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న వార్తలు మన హృదయాలను కలచివేసినవి. ఆ చదువులలో తెలుగు, సంస్కృతం అనేవి మార్కులు తేలికగా వచ్చే భాషలుగా మిగిలినవి. ప్రిచర్డ్ తన గీతల మీద పద్యానికి మార్కులు వేశాడు. మనం పద్యాన్ని మార్కులు ఇచ్చే యంత్రంగా చేసుకున్నాం. ఆ పిల్లలకు కావలసినది పుస్తకం చించే గురువు కాదు. చించటానికైనా వారు ఆ పుటను చదవలేదు. ఒక్క పద్యాన్ని నిదానంగా తెరచి, అది వారి బాధను వారికంటె ముందే ఎరిగి ఉన్నదని చూపి, ప్రక్కన కూర్చొనే గురువు కావాలి.

చిత్రం ముగింపును గూర్చి చెప్పి విరమిస్తాను. నీల్ మరణానికి కారకుడిని వెదుకుతూ పాఠశాల కీటింగ్‌ను ఎన్నుకుంటుంది. కామెరన్ మొదట వాఙ్మూలమిస్తాడు; చార్లీ బహిష్కృతుడౌతాడు; తక్కినవారిచేత, టాడ్‌చేత కూడ, తల్లిదండ్రుల సమక్షంలో సంతకాలు పెట్టిస్తారు. ఇది పచ్చి అన్యాయమని చిత్రం సందేహం లేకుండా చెపుతుంది, మనమూ ఒప్పుకోవాలి. నోలన్ తానే పాఠం చెప్పటానికి వచ్చి, ప్రిచర్డ్ పీఠికను చదవమంటాడు. ఆ పుట ఎవరి పుస్తకంలోను లేదు. అతడు తన పుస్తకాన్నే ఇవ్వవలసి వస్తుంది. అంతలో తన వస్తువులకై వచ్చిన కీటింగ్ వెళ్లిపోతూ ఉండగా, టాడ్ బల్ల మీదికి ఎక్కి, విట్మన్ పద్యంలోని సంబోధనతో అతనిని పిలుస్తాడు. లింకన్ మరణానికి విలపిస్తూ 1865లో విట్మన్ వ్రాసిన పద్యం అది. స్వచ్ఛందగతికి పేరుపొందిన ఆ కవి ప్రాసలతో, కట్టుబాటుతో వ్రాసిన కొద్ది పద్యాలలో ఒకటి. పడిపోయిన నౌకానాయకునికి అశ్రుతర్పణం. మొదటిరోజున తనను ఆ పేరుతో పిలవమని కీటింగ్ సరదాగా కోరినప్పుడు అది వట్టి బిరుదు. ఇప్పుడు నాయకుడు పోతున్నాడు, ఒక మిత్రుడు చనిపోయాడు. ఆ పిలుపులో పద్యం అర్థమంతా తిరిగి వచ్చింది. టాడ్ గురువు మాటను వల్లించటం లేదు. తొలిసారిగా ఒక పద్యాన్ని దాని స్థానంలో పలుకుతున్నాడు.

తొలిరచనలో కీటింగ్‌కు ప్రాణాంతకవ్యాధి ఉన్నట్లు షుల్మన్ కల్పించగా, వియర్ దానిని తొలగింపజేశాడు. బాలురు లేచి నిలబడితే అది జాలిచేత కాక, నేర్చినదానిచేత కావాలని అతని ఉద్దేశం. మంచి నిర్ణయం. ఐనా ఆ చివరి దృశ్యంలో అందరూ లేవరు. కొందరు బల్లలెక్కుతారు, కొందరు తలలు వంచుకొని కూర్చుంటారు. మౌరీస్ జార్ సంగీతం ఉప్పొంగుతూ ఉండగా మన దృష్టి నిలిచినవారి మీదికే పోతుంది. కాని కూర్చున్నవారినీ చూడాలి. వారు కూడ ఆ తరగతిలోనివారే, ఆ పుటలనే చించినవారు. అందరితో కలిసి చించటం వారికి సులభమైంది. ఒంటరిగా నిలబడటానికి కావలసిన బలం వారికి దొరకలేదు. నిలిచినవారిలో మొదటివాడైన టాడ్ ఆ తరగతిలో తన నోటితో ఒక పద్యాన్ని నిజంగా కన్నవాడు కావటం యాదృచ్ఛికమని నేను అనుకోను. చిత్రం తెలిసి చెప్పినా, తెలియక చెప్పినా, కవిత్వబోధకు ఇంతకంటె విలువైన సాక్ష్యం దానిలో మరొకటి లేదు.